థగ్ బెహ్రామ్ 931 మందిని చంపాడన్నది నిజమేనా? స్లీమన్ థగ్గుల్ని ఎలా పట్టుకున్నాడు?

తెనాలి శ్రీను అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. థగ్గులంటే బాటసారులతో స్నేహం నటించి, మెడకు రుమాలు బిగించి చంపి దోచుకున్న పాతకాలపు ముఠాలట. వాళ్ళలో థగ్ బెహ్రామ్ అనేవాడు పసుపు రుమాలుతో ఒక్కడే 931 మందిని చంపాడట. విలియం స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి ఆ ముఠాలన్నిటినీ పట్టుకుని దేశానికి పీడ వదిలించాడట. కింద కామెంట్లలో సగం మంది అక్షరాలా నిజం అంటున్నారు. మిగతా సగం మంది అసలు థగ్గులే లేరు, తెల్లవాళ్ళు అల్లిన కథ అంటున్నారు. ఏది నమ్మాలో తెలియడం లేదు.

అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా తాతగారి ముత్తాత కాశీయాత్రకు వెళ్ళి తిరిగి రాలేదు. దారిలో కలరా వచ్చి పోయాడని కొందరు, దొంగలు చంపారని కొందరు చెబుతారు. 1820–30 ప్రాంతం అని మా అంచనా. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అని మా నాయనమ్మ అంటుండేది. ఆయన థగ్గుల చేతిలో పడి ఉండే అవకాశం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

రైల్వే మూర్తి:

శ్రీనూ, థగ్గులు కచ్చితంగా ఉన్నారు. నేను ఉద్యోగరీత్యా జబల్‌పూర్‌లో చాలాకాలం ఉన్నాను. కట్నీ నుంచి జబల్‌పూర్ వచ్చే దారిలో స్లీమనాబాద్ రోడ్ అని స్టేషనే ఉంది. ఆయన పేరు మీద వెలిసిన ఊరు అది. అక్కడి జనం ఇప్పటికీ ఆయన గురించి మంచిగా చెప్పుకుంటారు. థగ్గులు కాళీ భక్తులు, ఆడవాళ్ళనీ బ్రాహ్మణులనీ గంగాజలం మోసేవాళ్ళనీ ముట్టుకునేవారు కారు, వాళ్ళ నియమం అది. కాశీ యాత్రికుడైతే వదిలేసి ఉంటారనే నా నమ్మకం.

విశాలాక్షి (రిటైర్డ్ పీపీ):

శ్రీను గారూ, నేను జిల్లా కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసి రిటైరయ్యాను. నేరంలో భాగస్వామి అయినవాడే అప్రూవర్‌గా, అంటే ప్రభుత్వం తరఫు సాక్షిగా, మారి బోనెక్కితే ఆ సాక్ష్యాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే స్లీమన్ రాసిపెట్టిన వాంగ్మూలాలను కేసు ఫైలు చదివినట్టే చదువుతాను. కాస్త పెద్ద జవాబు, ఓపిక పట్టండి.

ముందు 931 సంగతి. లక్నో రెసిడెంటు (అక్కడి కంపెనీ ప్రతినిధి) దగ్గర సహాయకుడిగా ఉన్న కెప్టెన్ జేమ్స్ ప్యాటన్ 1830ల్లో అప్రూవర్లయిన థగ్గుల్ని కూర్చోబెట్టి వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. ఇరవై మంది చెప్పిన లెక్కలు కలిపితే 5,120 హత్యలయ్యాయి. అందులో బెహ్రామ్ పేరుకు ఎదురుగా ఉన్న అంకె 931. అంటే అతను ఉన్న ముఠాలు అన్నేళ్ళలో చేసిన మొత్తం హత్యలు. మరి నీ చేతులతో ఎంతమందిని అంటే, సుమారు 125 మందిని చంపి ఉంటాను, ఇంకో 150 మందిని చంపుతుంటే చూసి ఉంటాను అని అతనే చెప్పాడు. పైగా ఒకే ముఠాలో నలుగురు అప్రూవర్లయితే ఒకే శవం నలుగురి లెక్కలోనూ పడుతుంది. 125 అయినా ఒళ్ళు జలదరించే అంకే. కానీ "ఒక్కడే 931" అన్నది మాత్రం తప్పు. ఎందుకంటే ఆ పని ఒక్కడు చేసేది కాదు. ఒకడు బాటసారులతో మాట కలిపి నమ్మకం సంపాదిస్తాడు, ఒకడు ముందే వెళ్ళి గొయ్యి తవ్విస్తాడు, ఒకడు చేతులు పట్టుకుంటాడు, ఒకడు మెడకు రుమాలు బిగిస్తాడు. కొన్ని రోజులు కలిసి నడిచి, కలిసి వండుకు తిని, ఇంకా తెల్లవారకముందే సైగ మాట వినబడగానే గుంపు మొత్తాన్నీ ఒకేసారి చంపేవాళ్ళు. శవాలు ఉబ్బి మట్టి పైకి లేవకుండా కోతలు పెట్టి పూడ్చేవాళ్ళు. పైన పొయ్యి వెలిగించి వంట చేసుకుంటే తవ్విన జాడ కూడా మిగలదు.

ఇప్పుడు ఒక ప్రాసిక్యూటరు కళ్ళతో చూడండి. ఫిర్యాదు ఇచ్చేవాడు లేడు. చనిపోయినవాడి ఇంటివాళ్ళు నెలల దూరంలో ఉంటారు, యాత్రకో కొలువుకో వెళ్ళాడు, వస్తాడులే అనుకుంటారు. శవం లేదు. గుంపులో ఒక్కరినీ ప్రాణాలతో వదలరు కాబట్టి సాక్షి లేడు. చంపినవాళ్ళు సొంత ఊళ్ళో సేద్యం చేసుకుంటూ పన్ను కట్టే మర్యాదస్తులు. వానలు పోయి దారులు ఆరాక బయల్దేరి, ఇంటికి వందల మైళ్ళ దూరంలో పని ముగించి, ఎండాకాలానికి తిరిగి వచ్చేస్తారు. మధ్యలో ఎన్నో సంస్థానాలు, ఎవరి సరిహద్దు వాళ్ళది. ఈ కేసు ఏ ఠాణాలో పెడతారు?

మన వైపు కూడా తీగ ముందే దొరికింది. 1807లో చిత్తూరు, ఆర్కాటు మధ్య ఒక ముఠాలో కొందరు పట్టుబడ్డారు. తిరువాన్కూరు దాకా వెళ్ళి దోచుకున్న సొత్తుతో తిరిగివస్తున్నారు. దక్షిణాదిన వీళ్ళను ఫాంసీగార్లు అనేవారు. రిచర్డ్ షెర్వుడ్ అనే డాక్టరు 1816లో మద్రాసులో వీళ్ళ పద్ధతుల మీద వివరంగా వ్యాసం రాశాడు. ఉత్తరాదిన ఎటావాలో మేజిస్ట్రేటు థామస్ పెర్రీకి 1809–10లో బావుల్లో, దారి పక్కన వరసగా శవాలు దొరికాయి. సెలవు మీద ఇంటికి వెళ్ళే సిపాయిలు జీతం డబ్బు వెంట పెట్టుకుని నడవొద్దని 1810లో సైన్యం నుంచి హెచ్చరిక ఉత్తర్వు వచ్చింది. ఇన్ని తెలిసినా కేసులు నిలబడలేదు. తోడుదొంగ సాక్ష్యం మీద శిక్ష వేయడానికి అప్పటి కోర్టులు ఒప్పుకోలేదు, వేరే సాక్ష్యమేమో దొరకదు.

స్లీమన్ 1788లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో పుట్టాడు. సైనికుడిగా వచ్చి, నేపాల్ యుద్ధం చేసి, 1820లో సివిల్ వైపు మారాడు. 1822 నుంచి నర్మదా తీరాన నర్సింగ్‌పూర్ జిల్లా మేజిస్ట్రేటు. నన్ను ఎక్కువ కదిలించేది ఇక్కడ ఆయన రాసుకున్న మాట. తన జిల్లాలో చిన్న దొంగతనం జరిగినా తనకు తెలియకుండా పోదని ఆ రోజుల్లో అనుకునేవాడట. తీరా చూస్తే తన కచేరీకి 400 గజాల లోపే, కందేలీ అనే ఊళ్ళో, ఒక థగ్గుల ముఠా కాపురముంది. ఒక్క మజిలీ దూరంలోని మందేసర్ తోపులు దేశంలోకెల్లా పెద్ద హత్యాస్థలాల్లో ఒకటి. ఇదంతా తెలిసింది కొన్నేళ్ళ తరవాత, అప్రూవర్ల నోట. అధికారి హోదాలో ఉన్న మనిషి దాన్ని దాచుకోకుండా అచ్చు వేయించాడు. ఆయన మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

1830 చలికాలంలో ఫిరింగియా అనే జమాదారు దొరికాడు. పుట్టుకతో బ్రాహ్మణుడు, ముఠా నాయకుడు. దొరికిన తీరు గొప్పగా చెప్పుకోదగ్గది కాదు: స్లీమన్ మొదట అతని తల్లినీ భార్యనూ బిడ్డనూ పట్టి ఉంచాడు, వాళ్ళను విడిచి దూరం పోలేక అతను చిక్కాడు. ఇవాళ ఏ పోలీసు అధికారైనా ఆ పని చేస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ పడుతుంది. ప్రాణాలు దక్కుతాయన్న హామీతో ఫిరింగియా నోరు విప్పాడు.

తరవాత జరిగింది కాస్త నిదానంగా చెబుతాను. స్లీమన్ భార్యతో పర్యటనలో ఉండి సలోహడా అనే చోట మామిడితోపులో డేరాలు వేశాడు. తెల్లవారుజామున ఫిరింగియా ఆ తోపులోనే మూడు చోట్లు చూపించాడు. 1818లో చంపిన ఒక పండితుడు, ఆరుగురు పరిచారకులు: స్లీమన్ పడుకున్న డేరా తాళ్ళ మధ్య. 1824లో చంపిన ఒక హవల్దారు, నలుగురు సిపాయిలు: గుర్రాలు కట్టేసిన చోట. గంగాజలం కావళ్ళు మోసే నలుగురు బ్రాహ్మణులు, ఒక స్త్రీ: సరిగ్గా డేరా కింద. నేలంతా పచ్చిక, ఎప్పుడూ తవ్విన ఆనవాలు లేదు. స్లీమన్‌కే నమ్మకం కలగలేదు. ఫిరింగియా పక్కనున్న ఇటుకల అరుగును మళ్ళీ పరీక్షగా చూసి, నా ప్రాణం పందెం అన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్నీ, ఠాణాదారునూ పిలిపించి హవల్దారు గొయ్యి తవ్వించారు. అయిదడుగులు తవ్వినా ఏమీ లేదు. వీడికి మతి చలించిందని జనం వెనుదిరగబోయారు. అతని మొహంలో తొణకని ధీమా చూసి స్లీమన్ ఇంకా తవ్వమన్నాడు. అయిదు శవాలూ అతను చెప్పిన వరసలోనే బయటపడ్డాయి. ఏం జరుగుతోందో తెలియని భార్యను అక్కడి నుంచి తప్పించాక డేరా తీసేసి ఆ అడుగునా తవ్వారు, అక్కడా దొరికాయి. చుట్టుపక్కల తోపుల్లో ఇంకా ఉన్నాయి చూపిస్తానని ఫిరింగియా అంటే, ఇక చాలనిపించి స్లీమన్ ముందుకు సాగాడు.

మూర్తి గారూ, మీరన్న నియమాలు థగ్గులు చెప్పుకున్నవే, కాదనను. కానీ ఆ ఒక్క తోపులో పండితుడున్నాడు, గంగాజలం మోసేవాళ్ళున్నారు, ఆడమనిషి ఉంది.

కోర్టుల్లో మేం "27 రికవరీ" అనేవాళ్ళం, సాక్ష్యాధారాల చట్టం 27వ సెక్షన్ అన్నమాట. పోలీసుల ముందు నిందితుడు ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదు. అతను చెప్పినచోట వస్తువు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది. ఆ చట్టం 1872లో వచ్చింది. అంతకు నలభై ఏళ్ళ ముందు ఊరి జనం కళ్ళెదుట స్లీమన్ చేయించిన పని అదే. అప్రూవర్లను విడివిడిగా ఉంచి, ఒకరి మాట ఇంకొకరికి అందకుండా రాయించుకుని, పోల్చి, తవ్వి చూసేవాడు. థగ్గుల కుటుంబాల వంశవృక్షాలు గీయించాడు. బావ ఎవరు, మేనల్లుడు ఎవరు, ఏ యాత్రలో ఎవరున్నారు అన్నీ ఒక పట్టికలోకి వచ్చాయి. లక్నో చుట్టుపక్కలి అవధ్ రాజ్యంలో దారుల మీద ప్యాటన్ వేయించిన పటంలో 274 హత్యాస్థలాలు గుర్తించారు. కంప్యూటరు లేని రోజుల్లో ఇంత పని చేసిన మనిషికి ప్రాసిక్యూటరుగా దండం పెడతాను.

కానీ అదే మనిషి చేతుల మీదుగా అన్యాయం కూడా మొదలైంది, అదీ చెప్పాలి. విచారణల్లో నిందితుల తరఫున వకీలు లేడు. 1836లో 30వ చట్టం వచ్చింది. థగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, ఏ హత్యా నిరూపించనక్కర్లేదు, యావజ్జీవ కఠినశిక్ష. చట్టం రాకముందు చెందినా సరే! 1831 నుంచి 1837 దాకా పట్టుబడినవారు 3,266 మంది, ఉరికంబమెక్కినవారు 412 మంది, అప్రూవర్లయినవారు 483 మంది, మిగతావాళ్ళలో ఎక్కువమందికి ద్వీపాంతరమో జీవితఖైదో. శవం చూపించి శిక్ష వేయించిన కేసుకు నేను తల వంచుతాను. "వీడు మావాడే" అని ఒక అప్రూవర్ వేలు చూపించినందుకు జీవితాంతం జైల్లో మగ్గినవాడి కేసుకు వంచలేను. అప్రూవర్‌కు తన మెడ కాపాడుకోవాలంటే ఇంకో పేరు కావాలి, నేను బోనులో చూసిన మనుషుల్లోనూ అదే ఆత్రం. ఐపీసీలో 310, 311 సెక్షన్ల కింద "థగ్గు"కు నిర్వచనం, శిక్ష 2024 జూలై దాకా ఉన్నాయి. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో తీసేశారు.

"అసలు థగ్గులే లేరు" అనేవాళ్ళకు నా జవాబు ఆ సలోహడా తోపే. కాళీకి నరబలి ఇచ్చే రహస్య మతం అనే భాగం మాత్రం బాగా పెంచి రాసిందే అని నేనూ అనుకుంటాను. థగ్గుల్లో ముస్లింలు బోలెడంతమంది ఉన్నారు. పిండారీల, మరాఠాల యుద్ధాలు ముగిసి కొలువు పోయిన సిపాయిలూ ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది బాటసారి మొలలోని డబ్బు.

చీరాల రవి:

మేడమ్, మీ జవాబు రెండుసార్లు చదివాను. ఒక్కమాట చేర్చనివ్వండి. మా తాత స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పుట్టాడు. మేం ఎరుకలవాళ్ళం. నేరం వంశంలో వస్తుందన్న ఆలోచనకు ఊపిరి పోసింది ఆ థగ్గుల వంశవృక్షాలే. 1871లో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, తరవాత మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్న మా పెద్దల్ని రైళ్ళు వచ్చి బతుకు తీశాయి, ఈ చట్టం వచ్చి దొంగలన్న ముద్ర వేసింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటులో హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా పొరుగూరు పోకూడదు. 1952లో చట్టం రద్దయింది. అయినా నేను చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఏదైనా పోతే ముందు నా పెట్టే తెరిచేవారు. స్లీమన్‌ను దేవుణ్ణి చేసే పోస్టులు చూస్తే నాకు కడుపు మండుతుంది.

విశాలాక్షి (రిటైర్డ్ పీపీ):

రవీ, నువ్వు చెప్పింది నిజం నాయనా. స్లీమన్ పట్టికలో ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చేసిన పని రాసి ఉండేది. తరవాతివాళ్ళు పని కొట్టేసి, పుట్టుకను ఉంచుకున్నారు. దానికి దారి వేసింది మాత్రం ఆ 1836 చట్టమే. థగ్గుల్నీ బందిపోట్లనూ పట్టడానికి పెట్టిన థగ్గీ, డెకాయిటీ శాఖ 1904 దాకా నడిచింది, హైదరాబాదులో మొదట్లో ఆ పని కెప్టెన్ రేనాల్డ్స్ చూశాడు. నిఘా శాఖలకు మూలం కూడా అదే. నీ పెట్టె తెరిచినవాళ్ళకు ఈ చరిత్ర తెలియదు, తెలిసి ఉంటే సిగ్గుపడేవారు.

తెనాలి శ్రీను:

మేడమ్, రవి గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను ఇంత లోతు ఉంటుందనుకోలేదు. మా తాతగారి ముత్తాత సంగతి కూడా కాస్త చెప్పండి మేడమ్. ఆ రికార్డుల్లో ఆయన పేరు దొరుకుతుందా?

విశాలాక్షి (రిటైర్డ్ పీపీ):

శ్రీను గారూ, పేరు దొరకడం చాలా కష్టం. చంపినవాళ్ళకే చనిపోయినవాళ్ళ పేర్లు తెలియవు. "ఒక పండితుడు, ఆరుగురు పరిచారకులు" అన్నట్టే ఉంటాయి ఆ వాంగ్మూలాలు, కులమో వృత్తో, ఎంతమందో, ఎక్కడో, అంతవరకే. అయినా చూడాలనుకుంటే థగ్గీ శాఖ ఫైళ్ళు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో వెతకవచ్చు.

దారి సంగతి చెప్పగలను. మన వైపు నుంచి ఎక్కువమంది హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, రీవా, మీర్జాపూరు మీదుగా వెళ్ళేవారు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న మద్రాసులో బయల్దేరి ఈ దారినే వెళ్ళారు, స్లీమన్ వేట సాగుతున్న సంవత్సరమే. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు, వెంట వందమంది దాకా పరివారం, చేతిలో పరిచయ పత్రాలు. అలాంటి గుంపు జోలికి థగ్గులు వెళ్ళరు. మీ తాతగారి ముత్తాత ఇద్దరు ముగ్గురితో, ఖర్చులకు నాణేలు మొలలో కట్టుకుని నడిచి ఉంటే మాత్రం ప్రమాదం నిజమే. కలరా ప్రమాదం కూడా అంతే నిజం, ఆ దశాబ్దాల్లో యాత్రికుల దారులన్నిటా అది ఉంది.

మీరు ముందు చేయాల్సిన పని వేరే ఉంది. కాశీ, గయ, ప్రయాగల్లో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర వహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాలు, ఉంటాయి. ఊరి పేరు, ఇంటిపేరు, గోత్రం చెబితే మీ వైపు కుటుంబాలు ఏ పండా వంశానికి చెందుతాయో వాళ్ళే చెబుతారు. ఆయన తండ్రికి గయలో పిండప్రదానం చేసి ఉంటే అక్కడ పేరు, చేవ్రాలు దొరకవచ్చు. గయలో పేరు ఉంటే పోయేటప్పుడు ఏమీ కాలేదన్నమాట, తిరుగు దారిలో వెతకాలి. ఇంటిపేరూ గోత్రమూ ఇక్కడ అందరి ముందు పెట్టకండి, నాకు మెసేజ్ చేయండి. కాశీలో తెలుగు యాత్రికుల్ని చూసుకునే పురోహితులు ఒకరు నాకు తెలుసు, అడిగి చెబుతాను.